వైటల్స్ తీయడం, రాయడం: నర్సింగ్ విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

ఏ వార్డులోనైనా టీపీఆర్ (టెంపరేచర్, పల్స్, రెస్పిరేషన్) చార్టులు వరసగా తిరగేసి చూడండి. రెస్పిరేషన్ గడిలో పైనుంచి కిందిదాకా 20, 20, 20 అనో, 18, 18, 18 అనో కనిపించే అవకాశం చాలా ఎక్కువ. ముప్ఫై మంది రోగులు, ముప్ఫై రకాల జబ్బులు, అందరి శ్వాసా ఒకటే లెక్క! ఎవరూ కొలవలేదని, ముందు షిఫ్టువాళ్ళు రాసిందే దించేశారని చూడగానే తెలిసిపోతుంది. రోగి పరిస్థితి దిగజారేటప్పుడు చాలాసార్లు అన్నిటికన్నా ముందు కదిలేది ఆ అంకే. అందుకే ఇక్కడ శ్వాసకీ, తప్పులు ఎక్కువ జరిగే బీపీకీ కాస్త ఎక్కువ చోటిచ్చాం.

ముందు పదాలు విడగొట్టుకోండి

పదాలను బట్టీ పట్టక్కర్లేదు, ముక్కలు తెలిస్తే చాలు. ముందు వచ్చే ముక్కల్లో 'టాకీ' అంటే వేగం, 'బ్రాడీ' అంటే నెమ్మది, 'హైపర్' ఎక్కువ, 'హైపో' తక్కువ, 'డిస్' ఇబ్బంది, 'ఎ' లేకపోవడం. వెనక వచ్చే ముక్కల్లో 'కార్డియా' గుండె, 'ప్నియా' శ్వాస, 'థర్మియా' ఒంటి వేడి, 'ఈమియా' రక్తంలో ఉండటం, 'యూరియా' మూత్రం. ఇక కలుపుకుంటూ పోండి. టాకీకార్డియా గుండె వేగం, బ్రాడీప్నియా నెమ్మది శ్వాస, ఎప్నియా శ్వాస ఆగడం, హైపోథర్మియా ఒళ్ళు చల్లబడటం, హైపోక్సీమియా రక్తంలో ఆక్సిజన్ తగ్గడం. ఆర్థాప్నియాలో 'ఆర్థో' అంటే నిటారు: పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే తెరిపి. రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటారని గుండె జబ్బు రోగిని అడిగేది అందుకే. జ్వరం లేదని రాయడానికి 'ఏఫెబ్రైల్' అంటారు. రోగి చెప్పింది సబ్జెక్టివ్, మీరు కొలిచింది, చూసింది ఆబ్జెక్టివ్. 'తల తిరుగుతోందన్నారు' మొదటిది, 'నిలబడ్డాక బీపీ 94/60' రెండోది. రెండూ రాయాలి, కలిపేయకూడదు.

మంచం దగ్గరికి వెళ్ళాక

ట్రేలో థర్మామీటర్, స్టెతస్కోప్, బీపీ ఆపరేటస్, పల్స్ ఆక్సీమీటర్, స్పిరిట్ స్వాబ్‌లు, చార్టు, పెన్ను ఉండాలి. మీ చేతికి సెకన్ల ముల్లున్న వాచీ కావాలి. సెల్‌ఫోన్ చూస్తూ నాడి లెక్కపెట్టడం మొదలుపెడితే మధ్యలో ఒక మెసేజ్ రాక మానదు.

చేతులు కడుక్కున్నాక పేరు అడగండి. "మీ పేరు లక్ష్మి కదా?" అంటే చెవి సరిగా వినపడని పెద్దావిడ ఎవరైనా సరే తలూపేస్తుంది. "మీ పేరు చెప్పండమ్మా" అని అడిగి, కేస్ షీటుతో సరిచూడండి. ఇప్పుడే మెట్లెక్కి వచ్చినా, అన్నం తిన్నా, బాత్రూమ్‌కి వెళ్ళొచ్చినా అయిదు నిమిషాలు కూర్చోబెట్టండి.

పెద్దవాళ్ళలో చంకలో థర్మామీటర్ పెట్టి, అది కూసేలోపు పల్స్, చెయ్యి వదలకుండా శ్వాస, ఆఖర్న బీపీ చూస్తే వీలుగా ఉంటుంది. పసిపిల్లల్లో ఈ వరస పనికిరాదు. బిడ్డ నిద్రలో ఉండగా, ముట్టుకోకముందే శ్వాస లెక్కపెట్టాలి. తర్వాత గుండె వేగం, ఆ తర్వాత టెంపరేచర్. ఏడిపించే పని ఏదైనా చివరికి ఉంచండి.

టెంపరేచర్

నోట్లో చూస్తే పెద్దవాళ్ళకి 97.7 నుంచి 99.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. చంకలో సుమారు అరడిగ్రీ నుంచి ఒక డిగ్రీ తక్కువగా, మలద్వారంలో అంతే ఎక్కువగా చూపిస్తుంది. 100.4 అంటే 38 సెల్సియస్, జ్వరానికి ఎక్కువమంది పాటించే గీత అది. 39 అంటే 102.2, 40 అంటే 104. ఈ మూడూ గుర్తుంటే లెక్కలు వేసుకోనక్కర్లేదు. 95 కన్నా తగ్గితే హైపోథర్మియా.

చంకలో చెమట ఉంటే మెత్తటి గుడ్డతో అద్దండి. గట్టిగా రుద్దితే చర్మం వేడెక్కి అంకె పెరుగుతుంది. థర్మామీటర్ కొస చంక గుంటలో మధ్యన చర్మానికి ఆనాలి. బట్ట మడతలోకి జారిందంటే 96 చూపిస్తుంది, రోగి ఒళ్ళేమో కాలుతుంటుంది. చెయ్యి ఛాతీ మీదుగా వేయించి, కూత వచ్చేదాకా కదిలించకండి. నోట్లో అయితే నాలుక కింద పక్కనున్న గుంటలో పెట్టి పెదవులు మూయించాలి. వేడి టీ, చల్లటి నీళ్ళు తాగి ఉంటే కనీసం 15 నిమిషాలు ఆగాలి. స్పృహ లేనివాళ్ళకి, ఫిట్స్ వచ్చేవాళ్ళకి, చిన్నపిల్లలకి నోట్లో పెట్టకూడదు. చెవి థర్మామీటర్‌కి పెద్దవాళ్ళలో చెవిని పైకి, వెనక్కి లాగాలి. మూడేళ్ళలోపు పిల్లల్లో కిందికి, వెనక్కి.

చంకలో చూసి ఒక డిగ్రీ కలిపి రాసే అలవాటు ఇంకా ఉంది. కలపొద్దు. కనిపించిన అంకె రాసి, పక్కన 'చంక' అని రాయండి. ఒకరు కలిపి, మరొకరు కలపకుండా రాస్తే అదే రోగికి లేని జ్వరం వచ్చిపోతుంటుంది.

చలి వణుకు వస్తున్నప్పుడు చూస్తే తక్కువే ఉండొచ్చు. అరగంటాగి మళ్ళీ చూడండి, అప్పుడు ఎగబాకి ఉంటుంది. ముసలివాళ్ళలో, డయాలిసిస్ రోగుల్లో, స్టెరాయిడ్లు వాడేవాళ్ళలో ఇన్‌ఫెక్షన్ ముదిరినా జ్వరం రాకపోవచ్చు. కొందరికి ఒళ్ళు చల్లబడుతుంది కూడా.

పల్స్

మణికట్టు దగ్గర బొటనవేలి వైపున్న రేడియల్ నాడి మీద చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళు ఆనించండి. బొటనవేలితో చూడొద్దు, దాన్లో మీ నాడే మీకు తెలుస్తుంది. గట్టిగా నొక్కితే నాడి మాయమవుతుంది. తాళం సమంగా ఉంటే 30 సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేయండి. ఏమాత్రం తప్పుతున్నట్టు అనిపించినా నిమిషం మొత్తం లెక్కపెట్టాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణించారంటే ఒక్క దెబ్బ తప్పినా నాలుగు తప్పినట్టే.

పెద్దవాళ్ళకి 60 నుంచి 100 మామూలు. అంకెతోపాటు తాళం, బలం కూడా రాయాలి. వేలిని తన్నేట్టు కొడితే బౌండింగ్, దారంలా సన్నగా జారిపోతుంటే థ్రెడీ. థ్రెడీ పల్స్‌కి చల్లటి చేతులు తోడైతే చార్టు తర్వాత, ముందు సిస్టర్‌ని పిలవండి.

జ్వరం ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ పెరిగితే నాడి సుమారు 10 పెరుగుతుందని పాత లెక్క. టైఫాయిడ్‌లో కొందరికి జ్వరం 103 ఉన్నా నాడి 84 దగ్గరే ఉంటుంది. గుండె వేగం తగ్గించే ఎటినోలాల్, మెటోప్రొలాల్ లాంటి మందులు వాడేవాళ్ళలో రక్తం పోతున్నా నాడి పెద్దగా పరిగెత్తకపోవచ్చు. అందుకని మందుల చీటీ చూడకుండా 'పల్స్ నార్మల్' అని నిశ్చింతగా ఉండొద్దు.

గుండె తాళం తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో, కొట్టిన ప్రతి దెబ్బా మణికట్టుదాకా రాదు. అప్పుడు ఇద్దరు కావాలి. ఒకరు ఎడమ ఛాతీలో, అయిదో పక్కటెముకల సందులో, మెడ ఎముక మధ్య నుంచి కిందికి గీసిన గీత దగ్గర స్టెతస్కోప్ పెట్టి ఏపికల్ పల్స్ వినాలి. ఇంకొకరు మణికట్టు పట్టుకోవాలి. ఒకే వాచీ చూసుకుంటూ, ఒకేసారి మొదలుపెట్టి నిమిషం లెక్కపెట్టాలి. ఏపికల్ 110, రేడియల్ 92 వస్తే పల్స్ డెఫిసిట్ 18. గుండె మందు డిగాక్సిన్ ఇచ్చే ముందు కూడా ఏపికల్‌నే నిమిషం పాటు వినాలి. పెద్దవాళ్ళలో 60 కన్నా తక్కువుంటే మాత్ర ఆపి డాక్టరుకి చెప్పాలి. సంవత్సరంలోపు పిల్లలకి మోచేతి పైభాగం లోపలివైపు ఉండే బ్రేకియల్ నాడి చూడాలి. మెడలోని కెరోటిడ్ నాడిని రెండు వైపులా ఒకేసారి నొక్కకూడదు.

శ్వాస

లెక్కపెడుతున్నామని తెలిస్తే ఎవరి శ్వాసైనా మారిపోతుంది. పల్స్ చూడటం అయ్యాక చెయ్యి వదలకుండా, దాన్ని రోగి పొట్ట మీదికి చేర్చి, ఇంకా నాడి చూస్తున్నట్టే ఉండండి. ఛాతీ లేచి దిగితే ఒకటి. మళ్ళీ లేచి దిగితే రెండు. కదలిక కనపడకపోయినా మీ చేతికి తెలుస్తుంది. నిమిషం మొత్తం చూడమనడానికి కారణం ఉంది. చేన్-స్టోక్స్ శ్వాసలో లోతు పెరుగుతూ పోయి, తగ్గుతూ వచ్చి, కాసేపు పూర్తిగా ఆగుతుంది. ఆ ఆగిన ముక్కే మీ 15 సెకన్లలో పడిందనుకోండి, రాయడానికి అంకే ఉండదు. పరిగెత్తే ముక్క పడితే 40 అని రాస్తారు.

పెద్దవాళ్ళకి 12 నుంచి 20, అప్పుడే పుట్టిన బిడ్డకి 30 నుంచి 60 మామూలు. దగ్గు, జలుబుతో వచ్చిన పిల్లల్లో వేగమైన శ్వాస అనడానికి గీతలు వేరు: రెండు నెలల్లోపు 60 లేదా అంతకన్నా ఎక్కువ, రెండు నుంచి పన్నెండు నెలల్లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ళలోపు 40. బిడ్డ చొక్కా పైకి ఎత్తి చూస్తేనే డొక్కలు ఎగరేయడం కనిపిస్తుంది. పాలు తాగుతున్నప్పుడు, ఏడుస్తున్నప్పుడు తీసిన లెక్క పనికిరాదు.

వేగం ఒక్కటే రాసి వదలకండి. లోతుగా, ఆగకుండా, ఉబ్బసం లేకుండానే రొప్పుతున్నట్టుంటే అది కుస్‌మాల్ శ్వాస. షుగర్ రోగిలో కీటోన్లు పెరిగాయేమోనని అనుమానించాలి. వదిలేటప్పుడు పిల్లికూత వినిపిస్తే వీజ్. పీల్చేటప్పుడు గొంతు దగ్గర గట్టిగా గీసినట్టు వినిపిస్తే స్ట్రైడర్, ఇది అత్యవసరం. రోగి ఒక వాక్యం పూర్తిచేయడానికి మధ్యలో ఎన్నిసార్లు ఆగుతున్నాడో గమనించండి. 'మాట పూర్తిచేయలేకపోతున్నారు' అని నోట్స్‌లో రాస్తే డాక్టరు పరిగెత్తుకుంటూ వస్తారు.

బీపీ

రక్తపోటు కొలిచే కఫ్‌ని రీవా-రోచీ 1896లో తెచ్చాడు. స్టెతస్కోప్‌తో చప్పుళ్ళు వినే పద్ధతిని కొరొట్కాఫ్ 1905లో చెప్పాడు. ఇప్పటికీ చేతితో చూసే బీపీ అంటే ఈ ఇద్దరి పనే.

సగం తప్పులు కఫ్ దగ్గరే జరిగిపోతాయి. లోపలి రబ్బరు సంచి వెడల్పు చేతి చుట్టుకొలతలో 40 శాతం, పొడవు 80 శాతం ఉండాలి. చుట్టుకొలత 27 నుంచి 34 సెంటీమీటర్లుంటే మామూలు కఫ్, 22 నుంచి 26 ఉంటే చిన్నది, 35 నుంచి 44 ఉంటే పెద్దది. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనిపిస్తుంది, బక్క చేతికి పెద్దది కడితే ఉన్నది దాక్కుంటుంది. వార్డుకంతా ఒకే కఫ్ ఉంటే, కనీసం 'కఫ్ చిన్నది' అని పక్కన రాయండి.

1. టీ, కాఫీ, సిగరెట్ తర్వాత అరగంట గడవాలి. మూత్రానికి వెళ్ళొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనించి, కాలు మీద కాలు వేయకుండా అయిదు నిమిషాలు కూర్చోవాలి. మాట్లాడకూడదు, మీరూ మాట్లాడించకూడదు.

2. డయాలిసిస్ కోసం ఫిస్టులా (ధమనినీ సిరనీ కలిపిన చోటు) ఉన్న చెయ్యి, రొమ్ము ఆపరేషన్ అయిన వైపు చెయ్యి, సెలైన్ ఎక్కుతున్న చెయ్యి వదిలేయండి. బిగుతు జాకెట్టు చేతిని పైకి మడిస్తే అదే తాడులా బిగిసి లెక్క చెడుతుంది. పక్కన తెర వేసి, చెయ్యి బయటికి తీయించండి.

3. చేతిని బల్ల మీదో దిండు మీదో గుండె ఎత్తులో ఉంచండి. 10 సెంటీమీటర్లు కిందికి వేలాడితే దాదాపు 8 ఎంఎం (పాదరసం మిల్లీమీటర్లు) ఎక్కువ చూపిస్తుంది.

4. మోచేతి మడతకి 2 నుంచి 3 సెంటీమీటర్ల పైన, సంచి మధ్యభాగం బ్రేకియల్ నాడి మీద పడేట్టు కట్టండి. గాలి లేనప్పుడు ముల్లు సున్నా దగ్గర ఉందో లేదో చూడండి.

5. మణికట్టు నాడి పట్టుకుని గాలి కొట్టండి. నాడి ఎక్కడ మాయమైందో చూసి, గాలి పూర్తిగా వదిలి, నిమిషం ఆగండి.

6. ఇప్పుడు స్టెతస్కోప్ మోచేతి మడతలో పెట్టి, నాడి మాయమైన అంకెకి 30 ఎంఎం పైదాకా కొట్టండి. సెకనుకి 2 నుంచి 3 ఎంఎం చొప్పున వదలండి. మొదటి టక్‌మన్న చప్పుడు సిస్టాలిక్. చప్పుళ్ళు పూర్తిగా ఆగిన చోటు డయాస్టాలిక్.

అయిదో మెట్టు ఎక్కువమంది ఎగ్గొడతారు. దాని అవసరం ఇదీ: కొందరు పెద్దవాళ్ళలో చప్పుడు 180 దగ్గర మొదలై, 165 దగ్గర ఆగి, 145 దగ్గర మళ్ళీ వస్తుంది. దీన్ని ఆస్కల్టేటరీ గ్యాప్ అంటారు. అలవాటుగా 160 దాకా కొట్టి ఆపేశారంటే 145 రాస్తారు. అసలు 180 ఎవరికీ తెలియదు. ముందు నాడితో చూసుకుంటే ఈ మోసం జరగదు.

చప్పుడు సరిగా వినపడలేదని మధ్యలో మళ్ళీ గాలి కొట్టకండి. పూర్తిగా వదిలి, ఒకటి రెండు నిమిషాలాగి మళ్ళీ మొదలుపెట్టండి. పాదరసం, ముల్లు రకం ఆపరేటస్‌లలో గీతలు రెండేసి ఎంఎంలకి ఉంటాయి. కాబట్టి చేతితో చూసి 125/85 అని రాశారంటే గీత చూడకుండా రాసినట్టే. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే ఆటోమేటిక్ మెషీన్‌ని నమ్ముకోకుండా చేతితో చూడండి.

పదే పదే చూసినా 140/90 లేదా అంతకన్నా ఎక్కువుంటే హైపర్‌టెన్షన్. సిస్టాలిక్ 90 కన్నా తగ్గితే హైపోటెన్షన్. సిస్టాలిక్‌కీ డయాస్టాలిక్‌కీ మధ్య తేడా పల్స్ ప్రెషర్. డయాస్టాలిక్‌కి ఆ తేడాలో మూడోవంతు కలిపితే మీన్ ప్రెషర్. అంటే 120/75 అయితే 75కి 15 కలిపి 90. పడుకోబెట్టి చూసిన బీపీ, నిలబెట్టాక 1, 3 నిమిషాల్లో సిస్టాలిక్ 20 లేదా డయాస్టాలిక్ 10 పడిపోతే పోస్చరల్ హైపోటెన్షన్. నిలబెట్టేటప్పుడు పక్కన మనిషి ఉండాలి, పడిపోతారు.

పల్స్ ఆక్సీమీటర్

95 నుంచి 100 మామూలు. సీఓపీడీ (ఊపిరితిత్తుల దారులు మూసుకుపోయే దీర్ఘకాలిక జబ్బు) రోగుల్లో కొందరికి డాక్టర్లు 88 నుంచి 92 చాలంటారు, అక్కడ కంగారుపడి ఆక్సిజన్ పెంచేయకూడదు. గోళ్ళరంగు తుడవండి. గోరింటాకు ముదురుగా పండిన వేలు వదిలి వేరే వేలు చూడండి. చల్లబడ్డ చేతులు రుద్ది వెచ్చచేయండి. బీపీ కఫ్ కట్టిన చేతికే ప్రోబ్ పెడితే గాలి కొట్టినప్పుడల్లా అంకె పడిపోతుంది. మెషీన్ చూపే పల్స్, మీరు పట్టుకున్న పల్స్ ఒకటి కాకపోతే పక్కనున్న ఆక్సిజన్ అంకెనీ నమ్మొద్దు. బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని పడుకున్న మనిషికి కార్బన్ మోనాక్సైడ్ ఎక్కి ప్రాణం మీదికి వచ్చినా మెషీన్ 98 చూపించగలదు.

స్పృహ, నొప్పి, రోగి మాటలు

స్పృహకి త్వరగా చూసేది ఏవీపీయూ: మెలకువగా ఉన్నాడా, పిలిస్తే పలుకుతున్నాడా, నొప్పి కలిగిస్తే కదులుతున్నాడా, అసలు స్పందనే లేదా. వివరంగా చూడాలంటే గ్లాస్గో కోమా స్కేల్, 1974 నుంచి వాడుకలో ఉంది. కళ్ళకి 4, మాటకి 5, కదలికకి 6, మొత్తం 15. ఏమీ లేకపోయినా 3 వస్తుంది, సున్నా ఉండదు. మొత్తం 11 అని మాత్రమే రాయకండి, మూడు అంకెలూ విడిగా రాయండి. 'నా వేళ్ళు నొక్కండి' అంటే స్పృహ లేనివాళ్ళూ అసంకల్పితంగా పట్టుకోగలరు. 'వదలండి' అన్నప్పుడు వదిలారా చూడాలి, లేదంటే నాలుక బయటపెట్టమనండి. తారీఖు చెప్పలేదని పల్లెటూరి పెద్దమనిషికి మార్కు తీసేయొద్దు. ఏ వారమో, ఏ పండగ దగ్గర్లో ఉందో, ఇప్పుడెక్కడున్నారో అడగండి. హిందీలోనో ఇంగ్లీషులోనో అడిగి, తెలుగు మాత్రమే వచ్చినవాళ్ళని 'కన్‌ఫ్యూజ్డ్' అని రాయడం ఇంకా పెద్ద తప్పు.

నొప్పికి సున్నా నుంచి పది అడుగుతాం. చాలామంది పెద్దవాళ్ళకి ఆ కొలత పట్టదు. "రూపాయికి ఎంత తగ్గిందమ్మా?" అంటే "అర్ధరూపాయి తగ్గింది" అని టక్కున చెబుతారు. ఇంజెక్షన్‌కి ముందు 8 రాసి ఉంటే ఇప్పుడు 4 అన్నమాట. నొప్పి ఎలా ఉందో రోగి మాటల్లోనే దించండి. పోటు, మంట, సలుపు, పీకు, గుంజుడు, మెలిపెట్టడం ఒకటి కావు. సలుపు చీముగడ్డని గుర్తుచేస్తుంది, మెలిపెట్టడం పేగునో కిడ్నీరాయినో. 'కళ్ళు తిరుగుతున్నాయి' అంటే గది గిర్రున తిరగడమా, లేచేసరికి బైర్లు కమ్మడమా అడగండి. రెండోదైతే నిలబెట్టి బీపీ చూడాలి. 'ఎగపోస్తోంది', 'దమ్మొస్తోంది', 'ఆయాసం' మూడూ డిస్ప్నియానే. 'గ్యాస్ పట్టేసింది' అని ఛాతీ మీద చెయ్యి వేసుకున్న మనిషికి చెమటలు పడుతున్నాయా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతోందా చూసి, ముందు ఈసీజీకి చెప్పండి.

ఒంటిని పరీక్షించే వరస చూడటం, తాకడం, తట్టడం, వినడం. పొట్ట దగ్గర మాత్రం చూశాక విని, తర్వాతే తట్టి, తాకాలి. ముందే నొక్కితే పేగుల చప్పుళ్ళు మారిపోతాయి.

అంకెల్ని కలిపి చదవడం

వర్షాకాలంలో మన వార్డుల్లో తరచూ ఎదురయ్యే డెంగీ కేసే ఉదాహరణగా తీసుకుందాం. నాలుగో రోజు ఉదయం 8 గంటలకి జ్వరం 103, పల్స్ 104, శ్వాస 18, బీపీ 112/74, ఆక్సిజన్ 98. మధ్యాహ్నం 12 గంటలకి జ్వరం 99, పల్స్ 112, శ్వాస 22, బీపీ 96/78, ఆక్సిజన్ 97. జ్వరం దిగిందని ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. చార్టు మాత్రం వేరే కథ చెబుతోంది. జ్వరం తగ్గితే తగ్గాల్సిన పల్స్ పెరిగింది. పల్స్ ప్రెషర్ 38 నుంచి 18కి పడింది. డెంగీలో అది 20కి లేదా అంతకన్నా కిందికి దిగడం షాక్‌కి గుర్తు. ప్లాస్మా రక్తనాళాల్లోంచి కారిపోయే ఘడియ జ్వరం దిగేటప్పుడే వస్తుంది. రోగి దిగజారడాన్ని ముందే పట్టడానికి వైటల్స్‌కి మార్కులు వేసే, బ్రిటన్‌లో వాడే న్యూస్-2 స్కోరు వేసినా ఉదయం 3 ఉన్నది మధ్యాహ్నానికి 6 అవుతుంది, 5 లేదా అంతకన్నా ఎక్కువైతే వెంటనే డాక్టరు చూడాలని ఆ పద్ధతి చెబుతుంది. పైగా ఆ స్కోరులో పల్స్ ప్రెషర్ లెక్కే లేదు, అది మీ కన్నే పట్టాలి.

వెంటనే గోరు మీద 5 సెకన్లు నొక్కి వదిలి, రంగు తిరిగి రావడానికి 2 సెకన్ల కన్నా ఎక్కువ పడుతోందా చూడండి (దీన్నే క్యాపిల్లరీ రీఫిల్ అంటారు). చేతులు, పాదాలు చల్లబడ్డాయా, ఆఖరిసారి మూత్రం ఎప్పుడు పోశారు, కడుపునొప్పి, వాంతులు ఉన్నాయా అడగండి. ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి చెప్పి ఫోన్ చేయండి. ఎవరు, ఏం జరుగుతోంది, వెనక కథ ఏమిటి, మీరేం చూశారు, ఏం కావాలి అన్న వరసలో: "సార్, ఫీమేల్ మెడికల్ వార్డు, 7వ బెడ్. డెంగీ, నాలుగో రోజు. జ్వరం 103 నుంచి 99కి దిగింది, కానీ బీపీ 112/74 నుంచి 96/78 అయింది, పల్స్ 112, శ్వాస 22, చేతులు చల్లగా ఉన్నాయి, క్యాపిల్లరీ రీఫిల్ 4 సెకన్లు. ఉదయం 6 నుంచి మూత్రం లేదు. వెంటనే వచ్చి చూడాలి సార్. ఈలోపు ఫ్లూయిడ్ ఏం పెట్టమంటారు?" ఆయన చెప్పింది తిరిగి చదివి వినిపించండి. ఫోన్ చేసిన టైమ్, ఎవరితో మాట్లాడారో, ఏం చెప్పారో నోట్స్‌లో రాయండి. 15 నిమిషాల్లో మళ్ళీ వైటల్స్ చూడండి, అదే చెయ్యి, అదే కఫ్.